మంచి పాలు అని రాసిన సీసాలు

ఆరు కడ్డీల్లో నాలుగు తుడవడం అయింది. తడిపిన గుడ్డ మీద తెల్లటి పాలిష్ పొడి చల్లి, కడ్డీ కొసను ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రుద్దాలి. గట్టిగా రుద్దితే గీత పడుతుంది. మెల్లగా రుద్దితే నిన్నటి పాలలోని ప్రోటీన్ పొరలా అంటుకుని అక్కడే ఉండిపోతుంది. ఆ పొర కంటికి కనపడదు. వదిలేస్తే ఇవాళ్టి పాలలో నిన్నటి రుచి కలుస్తుంది. తిరుపతిలో మా ల్యాబ్ తలుపు తీశాక రోజూ నేను చేసే మొదటి పని ఇదే.

ఐదో కడ్డీ చేతిలో ఉండగా ఫోన్ మోగింది. మా ఊరి పాల సెంటర్ నడిపే మునెయ్య మామ.

"ఏం కృపమ్మా, మీ నాలిక మిషను ఈ పొద్దు గూడా ఎర్ర లైటు ఏసిందిమ్మా."

"ఎవరికి మామా?"

"ఎవురికో అయితే నీకు ఫోన్ జేస్తానా? చంద్రకాంతమ్మకే. ఈ వారంలో మూడో తూరి. పాలు పోసే కార్డు ఆపేయమని డెయిరీ నుంచి మెసేజు గూడా వచ్చేసింది. సెంటర్లో జనం నవ్వేది సూడల్ల నువ్వు. మడి ఆయమ్మది, నీళ్ళు బోరువి అంటాడు ఒకడు."

"ఆమె నీళ్ళు కలపదు మామా."

"కలపదనే నేనూ అనుకుంటా ఉన్నా. మరి మీ నాయనకు పచ్చ లైటు పడె. నాకూ పచ్చ లైటే పడె. నా పాలకే పచ్చ లైటు ఏసిందంటే దాన్ని నమ్మొచ్చునా సెప్పు?" అని తనే పెద్దగా నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఆయమ్మ క్యాన్ ఎత్తుకోని తల వంచుకోని పోయింది పాపా. నాకే ఒక మాదిరిగా ఉండాది."

ఫోన్ పెట్టేశాక ఐదో కడ్డీని ఎంతసేపు రుద్దానో నాకే తెలియదు.

మా ఊరు కాణిపాకానికి నాలుగు కిలోమీటర్లు. మా కాలనీ దాటగానే వచ్చే మొదటి ఇల్లు చంద్రకాంతమ్మత్తది. భర్త పోయి పన్నెండేళ్ళయింది. ఉన్నది ఒక్క జెర్సీ ఆవు. కాణిపాకంలో అభిషేకానికి పాలు మొక్కుకున్నవాళ్ళు, తల్లి పాలు చాలని పసిబిడ్డలు ఉన్నవాళ్ళు చెంబు పట్టుకుని ఆమె గడప దగ్గరికే వచ్చేవాళ్ళు. మేం క్రైస్తవులం. ఆమె మడి మనిషి. అయినా ఆవు ఈనినప్పుడల్లా మా ఇంటికి ఒక గిన్నె జున్నుపాలు వచ్చేవి. కార్డు ఆగితే మా సెంటరే కాదు, పక్క ఊరి సెంటర్ కూడా ఆమె పాలు తీసుకోదు. అంతకంటే పెద్ద సంగతి, ఆమె పాలలో కల్తీ ఉందని మిషన్ చెప్పింది. ఆ మిషన్‌కు పాలు నేర్పింది నేను.

ఎలక్ట్రానిక్ నాలుక అనగానే జనం నోట్లో నాలుకలాంటిది ఏదో ఊహించుకుంటారు. అది ఆరు కడ్డీలు, టిఫిన్ క్యారియర్ అంత పెట్టె, దానికి కలిపిన ఒక ఫోన్. అంతే. బంగారం, ప్లాటినం, వెండి, కార్బన్, ఇట్లా ఒక్కో కడ్డీ కొసకు ఒక్కో పదార్థం ఉంటుంది. పాలలో ముంచి కొద్దిగా కరెంటు పంపితే ఒక్కోటి ఒక్కో రకంగా బదులిస్తుంది. ఇది ప్రోటీన్ అని ఏ ఒక్క కడ్డీ చెప్పలేదు. ఆరింటి బదులూ కలిపితే ఒక గీత వస్తుంది. ఆ గీతే ఆ పాల రుచి. సెంటర్లో ఉన్న పాత మిషన్ వెన్న ఎంత, చిక్కదనం ఎంత అని మాత్రమే చూస్తుంది. నీళ్ళు పోసి, చీజ్ ఫ్యాక్టరీల్లో మిగిలే విరుగుడు నీళ్ళను ఎండబెట్టిన పొడి కలిపితే దానికి తెలియదు. ఆ పొడిలో ఉన్నదీ పాల ప్రోటీనే. కానీ ఆవు ఇచ్చిన పాళ్ళలో ఉండదు. ఆ తేడా పట్టడానికే మా నాలుక.

దానికి పుట్టుకతో ఏమీ తెలియదు. మంచి పాలంటే ఇవి అని మనమే వందసార్లు చూపించాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి పాలచుక్కనూ అది తనకు చూపించిన వాటితో పోల్చుకుంటుంది. పోలితే పచ్చ లైటు. పోలకపోతే ఎర్ర లైటు.

మా ప్రాజెక్టుకు పెద్ద దేవనాథన్ సార్. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. మంచి పాలు నాలుగు ఇళ్ళ నుంచి నలభై రోజులు తేవాలి, ప్రతిసారీ మా మనిషి ఎదుటే పితకాలి. రిజిస్టర్‌లో ‘నా ఎదుట పితికినవి’ అని ఒక గడి ఉంటుంది. అందులో నా సంతకం పడాలి. మా ఇల్లు, చంద్రకాంతమ్మత్త ఇల్లు, ఇంకో రెండిళ్ళు. నా ఊరు, నా మనుషులు, నాకేం కష్టం అనుకుని ఒప్పుకున్నాను.

మా పక్క పాలు పితికేటప్పుడు బయటివాళ్ళను దొడ్లోకి రానివ్వరు. కొత్త కన్ను పడితే ఆవు చేపదని, పాలు వదలకుండా పొదుగులోనే బిగబట్టుకుంటుందని భయం. మొదటి మూడు రోజులు నేనే వెళ్ళాను. ఒకామె నాకు వీపు అడ్డం పెట్టి పితికింది. ఇంకొకామె, "నీ కన్ను మంచిదే పాపా, ఆవుకు తెలవదు గదా" అంది. చంద్రకాంతమ్మత్త ఏమీ అనలేదు గాని, నేను ఉన్నంతసేపూ ఆవు నుదుటి మీద చెయ్యి తియ్యలేదు. పైగా నా హాస్టల్ తిరుపతిలో, అలిపిరి దారిలో. రోజూ తెల్లవారేసరికి ఊళ్ళో ఉండడం ఎట్లా?

అప్పుడు నాయన అన్నాడు. "నేను సూసుకుంటా పాపా. నీ సంతకం, నా కన్ను. రెండూ వేరేనా?"

మా నాయన పేరు కుప్పయ్య. ఊళ్ళో ఏ ఆవు ఈనడానికి కష్టపడినా ఆయన్నే పిలుస్తారు. ఆయన కన్ను ఏ దొడ్లోనూ అడ్డం కాదు. ఇంతకంటే మంచి మనిషి నాకు ఎక్కడ దొరుకుతాడు?

నాలుగో రోజు నుంచి నాయనే సీసాలు నింపి, థర్మోకోల్ డబ్బాలో ఐసు మధ్య పేర్చి, కాణిపాకంలో తిరుపతి బస్సు కండక్టర్ చేతికి ఇచ్చేవాడు. నేను బస్టాండ్‌లో దించుకునేదాన్ని. ప్రతి సీసాకూ కాగితం అంటించి ఇంటి పేరు రాసేవాడు. నేను చెప్పకుండానే కింద ‘మంచి పాలు’ అని కూడా రాసేవాడు. ఐదో తరగతి వరకే చదివిన చేతి అక్షరాలు, గుండ్రంగా, ఒక్కోటి విడివిడిగా. ఆ కాగితాలు పారేయబుద్ధి కాక కొన్ని దాచుకున్నాను కూడా.

రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. "పాలు అందినాయా? నీ నాలిక ఏమనింది?" నేను చేసే పని గురించి మా ఇంట్లోగాని, హాస్టల్‌లోగాని అట్లా అడిగినవాళ్ళు ఇంకొకరు లేరు. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. నాయనతో మాత్రం అరగంట మాట్లాడేదాన్ని.

"అది ఎట్ల తెలుసుకుంటాది పాపా, ఇవి మంచివి, ఇవి సెడ్డవి అని?"

"మనం ముందుగా ఏవి మంచివని చూపిస్తే అవే మంచివని నమ్ముతుంది నాయనా. మళ్ళీ మనమే మార్చి నేర్పితే తప్ప దాని నమ్మకం మారదు."

"అంటే సంటిబిడ్డ మాదిరి."

"అవును, అచ్చం అట్లనే."

"అట్లయితే మనింటి పాలు ఎక్కువగా తాపితే మనింటి బిడ్డే అయిపోతాదేమో సూడు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రాత్రి హాస్టల్‌లో నా పక్క మంచం అమ్మాయికి ఆ మాట చెప్పి, మా నాయనకు ఎంత తెలివి చూడు అన్నాను.

నాలుగు ఇళ్ళ పాల గీతలూ ఒకదాని మీద ఒకటి పడినట్టు వచ్చేవి. దేవనాథన్ సార్ కళ్ళద్దాలు పైకి నెట్టి చూసి, "మీ ఊరి పాలు ఎంత పద్ధతిగా ఉన్నాయమ్మా" అని మెచ్చుకున్నారు. నేను స్వయంగా తెచ్చిన మొదటి మూడు రోజుల పన్నెండు సీసాలు మాత్రం వాటితో కలవలేదు. ఒక్కో ఇంటిది ఒక్కో గీత. "కొత్తలో చెయ్యి కుదిరి ఉండదు, అవి తీసెయ్" అన్నారు సార్. తీసేశాను. చంద్రకాంతమ్మత్త ఆవు శనక్కాయ చెక్క తింటుంది, మా ఆవు చొప్ప తింటుంది. రెండింటి రుచీ ఒకటే ఎట్లా అవుతుందని నాకు ఒకసారి అనిపించింది. అనిపించినదాన్ని పక్కన పెట్టాను. ఆ పాలతో నేర్పిన పెట్టెనే మా ఊరి సెంటర్లో పెట్టారు.

మునెయ్య మామ ఫోన్ చేసింది శుక్రవారం. శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌లోని రెండో పెట్టెను సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. ఊళ్ళో దిగి ఇంటికి పోకుండా నేరుగా చంద్రకాంతమ్మత్త ఇంటికి వెళ్ళాను.

ఆమె వసారాలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"రామ్మా తల్లీ. నీ మిషను నన్ను దొంగను జేసిందే."

"మిషన్‌లో తప్పుందేమో చూడాలని వచ్చానత్తా."

"పొద్దున ఆ పక్కింటి పిల్ల సెంబు ఎత్తుకోని వస్తా వస్తా, వీధిలో ఎవురో ఏమో అంటే వెనక్కి మళ్ళి పాయె. సిన్నబిడ్డకు పాలు అవి. నేను పిలిస్తే గూడా తిరిగి సూడలా." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ పొద్దు నువ్వు లోపలికి రా. పితికేది నీ కండ్లతో సూడు. దిష్టి తగిలితే తగలనీ."

దొడ్లో ఆవు పొదుగు వేడినీళ్ళతో కడిగి, నేను తెచ్చిన గాజు గ్లాసు కిందపెట్టి పితికింది. నురుగు తగ్గేదాకా ఆగి ఆరు కడ్డీలూ ముంచాను. ఫోన్‌లో చక్రం తిరిగింది. ఎర్ర లైటు.

ఆమె నా మొహం చూస్తోంది. నేను కడ్డీలు కడిగి మళ్ళీ ముంచాను. మళ్ళీ ఎర్రదే.

"అత్తా, నాయన నెల పైన రోజూ మీ దొడ్లోకి వచ్చి సీసా నింపుకుని పోయాడు గదా. అప్పుడు ఆవుకు ఏం మేత వేస్తా ఉన్నావు?"

"మీ నాయనా?" అందామె. "మీ నాయన మా దొడ్లో కాలు పెట్టి యాడాది దాటింది పాపా. ఆవు ఈనిన పొద్దు వచ్చినాడు, అంతే. ఏం సీసా?"

నేను కడ్డీలను గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాను. ఒక కడ్డీ చేతిలోంచి జారితే ఆమే పట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఏమీ అడగలేదు. అమ్మ, సంతోషమ్మ, నా కోసం చేపల పులుసు చేసింది. నాయన నా సంచి చూసి, "పెట్టె గూడా తెచ్చినావే, రిపేరా?" అన్నాడు. అవునన్నాను. అన్నం తింటున్నంతసేపూ ఆయన చేతులు చూస్తూ కూర్చున్నాను. ముళ్ళు తీసి చేప ముక్క నా కంచంలో పెట్టాడు. చిన్నప్పటి నుంచి అట్లాగే పెడతాడు.

ఆదివారం తెల్లవారుతుండగా నాయన ఆవు దగ్గర కూర్చునే వేళకు గ్లాసు పట్టుకుని వెళ్ళాను.

"నాయనా, ఒక గ్లాసు నేరుగా పితుకు."

"క్యాన్‌లోది తీసుకోరాదా పాపా. పెట్టె, గాజు సూస్తే ఆవు బెదురుతాది. సేపదు."

ఆ ఆవు దూడగా ఉన్నప్పుడు నేను దాని పక్కనే కూర్చుని పదో తరగతి చదువుకున్నాను. నేను కదలకుండా గ్లాసు పట్టుకునే నిలబడ్డాను. కాసేపటికి నాయన నా వైపు చూడకుండా చెయ్యి చాపాడు. గ్లాసు నిండింది.

ఎర్ర లైటు.

పితకడం అయ్యాక అమ్మ వచ్చి క్యాన్ ఇంట్లోకి తీసుకుపోయింది. చర్చికి కట్టుకునే తెల్ల చీరలో ఉంది. నేను బయట తొట్టి దగ్గర కడ్డీలు కడుక్కుని, పది నిమిషాలు ఆగి లోపలికి వెళ్ళాను. క్యాన్ మూత పెట్టి గడప పక్కన సిద్ధంగా ఉంది. మూత తీసి ముంచాను.

పచ్చ లైటు.

అంత చక్కగా నా గీతలతో కలిసిన పాలు ల్యాబ్‌లో కూడా చూడలేదు. నలభై రోజుల గీతలనూ ఈ పాలతోనే గీసినట్టు ఉంది.

"అమ్మా, ఇందులో ఏం పోసినారు?"

అమ్మ బైబిల్ సంచి సర్దుకుంటూ, "ఏం పోస్తారు?" అంది. కానీ ఆమె కళ్ళు అటక వైపు పోయాయి. క్రిస్మస్ నక్షత్రం పెట్టే అట్టపెట్టెను పక్కకు జరిపాను. దాని వెనక పొడి పొట్లం ఉంది. నోరు రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. దింపి బల్ల మీద పెట్టాను.

నాయన లోపలికి వచ్చి పొట్లం చూశాడు. తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ చర్చికి పోలేదు. పొయ్యి దగ్గర కూలబడింది.

"ఎప్పటి నుంచి నాయనా?"

"రెండో ఆవు వట్టిపోయినప్పటి నుంచి. రెండేండ్లు." ఆయన గొంతు మామూలుగానే ఉంది. "ఊళ్ళో ఎవురు కలపకుండా ఉండారు? మునెయ్య కలపడంలా? పొడి డబ్బాలు దించేదే సెంటర్ వెనకాల. మనమొకరమే సత్యవంతులం కావల్నా?"

"నాలుగు ఇళ్ళ సీసాలూ ఈ క్యాన్‌లోవేనా?"

ఆయన తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు.

"నాలుగు పేర్లు రాసి, నాలుగింటి కిందా మంచి పాలని రాసి పంపినావా?"

"ఏం జేయమంటావే మరి?" నాయన గొంతు లేచింది. "నీ మిషను ఊళ్ళోకి వస్తే ముందు పట్టేది మననే. కన్నకూతురు తెచ్చిన మిషను దగ్గర పట్టుబడి, అందరి ముందర నిలబడమంటావా? నేనేం జేసినా? నువ్వు సెప్పిందే ఇన్నా. మంచివని ఏవి సూపిస్తే అవే నమ్ముతాదని సెప్పింది నువ్వు గాదా?"

నేనే. బస్టాండ్‌లో డబ్బా ఒళ్ళో పెట్టుకుని, హాస్టల్ మెట్ల మీద కూర్చుని, ఒక్కో సంగతీ విడమరిచి చెప్పింది నేనే. ప్రతి సాయంత్రం ఆయన నా పని గురించి అడగలేదు. దాని తాళం ఎక్కడుందో అడిగాడు.

"మరి చంద్రకాంతమ్మత్త?"

"ఆయమ్మకు ఎర్ర లైటు పడతాదని నేను అనుకోలే పాపా. దేవుని తోడు. మనకు పచ్చ పడితే సాలనుకున్నా. మనవి మంచివైతే మిగతావోళ్ళవి సెడ్డవయిపోతాయని నువ్వు సెప్పలేదు గదా."

ఆయన నిజమే చెబుతున్నాడు. అది నేను చెప్పలేదు. మా పాలు కూడా మంచి వాటి గుంపులో చేరిపోతాయని ఆయన అనుకున్నాడు. ఆ గుంపంతా తన క్యాన్‌తోనే నింపానని, అసలైన మంచి పాలకు అందులో చోటే లేకుండా పోయిందని ఆయనకు తోచలేదు. ఒక్క క్షణం ఆయన మీద జాలి కలిగింది. ఆ జాలి నిలబడితే బాగుండుననుకున్నాను కూడా. కానీ అడగవలసింది ఇంకొకటి మిగిలి ఉంది.

"మొదటి ఎర్ర లైటు పడింది సోమవారం. ఎందుకు పడిందో ఆ పొద్దే నీకు తెలిసింది గదా నాయనా. నాకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. మంగళవారం ఫోన్ చేసినావు. గురువారం గూడా చేసినావు. ఏం తిన్నావని అడిగి పెట్టేసినావు."

నాయన తల తిప్పుకున్నాడు.

"జనం నవ్వుతా ఉంటే నువ్వూ ఆ వరసలోనే నిలబడి ఉన్నావు గదా. రోజూ నీ వెనకాలే గదా ఆమె పాలు పోసేది."

"పొయ్యి సెప్పుకో పో" అన్నాడు నాయన. "ముందు పోయేది నీ ఉద్యోగమే. సంతకం నీది. నాది కాదు."

అమ్మ అప్పుడు నోరు తెరిచింది. "ఏం మాటలయ్యా అవి, బిడ్డతో?"

"నువ్వు సుమ్మనుండు. కలిపేటప్పుడు గరిటె అందిచ్చింది ఎవురు?"

అమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చుంది.

మధ్యాహ్నం వేపచెట్టు కింద నిలబడి దేవనాథన్ సార్‌కు ఫోన్ చేశాను. మధ్యలో ఆగకుండా మొదటి నుంచి చెప్పాను. ఆయన వెనక ఎక్కడో కుక్కర్ విజిల్ వినిపించింది.

"నలభై రోజులవీనా?"

"మొదటి మూడు రోజులవి తప్ప సార్. మనం తీసేసిన పన్నెండు సీసాలే అసలైనవి."

"అన్నింటి కిందా నీ సంతకం ఉంది కదమ్మా."

"ఉంది సార్. నేను చూడలేదు. చూశానని పెట్టాను."

"రేపు అదే కాగితం మీద రాసివ్వు. రాసిచ్చాక నిన్ను ప్రాజెక్టులో ఉంచుకోవడం నా చేతిలో ఉండదు. తెలుసు కదా?"

"తెలుసు సార్. ఆమె కార్డు సంగతి..."

"డెయిరీకి ఇవాళే రాస్తాను. తప్పు మిషన్‌ది, ఆవిడది కాదని. రేపు ఉదయం మనిషిని పంపి ఆ పెట్టె తీయిస్తాను. ఆదివారం, ఈ పూటకు ఎవరూ దొరకరు, ఉండనీ." కొంచెం ఆగి అన్నారు. "మీ నాన్నగారు పశువుల గురించి బాగా తెలిసినాయన అన్నావే ఒకసారి."

"అవును సార్" అన్నాను.

తర్వాత చంద్రకాంతమ్మత్త ఇంటికి వెళ్ళి వసారాలో కూర్చుని ఆమెకూ చెప్పాను. నాయన పేరు దాచకుండా చెప్పాను. ఆమె నాయనను తిట్టలేదు. ఉద్యోగం పోతుందంటే అయ్యో అనలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అంతా విని, "అయితే నా పాలు మంచివేనా?" అంది.

"మంచివే అత్తా."

"ఆ మాట సెంటర్లో, అందరూ ఉన్నప్పుడు సెప్తావా?"

"రేపు పొద్దున చెప్తాను."

"నాకు ఒక్కదానికే సెప్పి పోతే కాదు పాపా."

"అందరి ముందరే చెప్తాను."

నేను ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర దాటింది. నోటు పుస్తకంలోంచి తెల్ల కాగితం చింపి గడప దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాను. తెలుగులోనే రాస్తున్నాను. ‘నా ఎదుట పితికినవి’ అనే గడిలో నేను పెట్టిన సంతకాలు నిజం కావు. ఆ ఒక్క వాక్యం రాసి, తర్వాత ఎవరి పేరు రాయాలో అక్కడ ఆగిపోయాను. రాయవలసింది కుప్పయ్య అని. రిజిస్టర్‌లో ఆ పేరు ఎక్కడా లేదు. ఉన్నదంతా నా పేరే.

"రేపు ఆ పెట్టె తీసేస్తారు" అన్నాను తల ఎత్తకుండా. "సెంటర్లో నేను చెప్పేటప్పుడు నువ్వు పక్కన ఉంటే చాలు నాయనా. ఏమీ మాట్లాడవద్దు. నిలబడితే చాలు."

నాయన దొడ్లోంచి సాయంత్రం పాలు తెచ్చి బల్ల పక్కన దించాడు. పొట్లం నేను ఉదయం పెట్టిన చోటే ఉంది. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. చెంబుతో బిందెలోని నీళ్ళు ముంచి గిన్నెలో పోశాడు. పొట్లానికి కట్టిన రబ్బరు బ్యాండు విప్పి వేలికి తగిలించుకుని, పొడి వేసి, ఉండలు కట్టకుండా గరిటెతో తిప్పాడు. తొందరపడలేదు. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. రెండేళ్ళు నా నుంచి దాచి చేసిన పనిని, ఇంక దాచవలసిన అవసరం లేదన్నట్టు, నా ఎదుటే చేశాడు.

"ఈ పూటన్నా వద్దయ్యా" అంది అమ్మ పొయ్యి దగ్గర నుంచి.

ఆయన గిన్నె క్యాన్‌లోకి ఒంపి మూత బిగించాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నేను గడపలో కూర్చుని ఉన్నాను కాబట్టి నేను జరిగేదాకా ఒక క్షణం ఆగాడు. జరిగాను. క్యాన్ అంచు నా కాగితానికి తగలకుండా పైకెత్తి పట్టుకుని, చెప్పులు వేసుకుని, సెంటర్ వైపు వెళ్ళిపోయాడు.